గట్టిపడని పాకం

పెనంలో గరిటె తిప్పుతున్న వరదయ్య కాస్త పాకం తీసి చన్నీళ్ళలో వేశాడు. ఉండ కట్టలేదు. వేళ్ళకు బంకలా సాగింది.

"మంట నా చేతిలో ఉండాది గానీ, పాకం ముదిరేది నా చేతిలో లేదు భారతమ్మా," అన్నాడు. చంద్రగిరి చుట్టుపక్కల పాతికేళ్ళుగా బెల్లం వండుతున్న మనిషి. "చెరుకేమో ఏనుగు కాళ్ళ మాదిరి ఉండాది. రసం సూస్తే ఉప్పు కషాయం. యూరియా ఎన్ని మూటలు పోసినావు తల్లీ?"

భారతమ్మ పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసింది. గానుగ పక్కన నిలబడ్డ గంగాధరం తల వంచుకున్నాడు. ఎన్ని మూటలో ఆయనకు తెలుసు. పోయమన్నది ఆయనే.

ఊళ్ళో పేపరు చదివి నలుగురికీ విడమర్చి చెప్పేది గంగాధరమే. తొంభై రెండులో ఢిల్లీవాళ్ళు బడ్జెట్ బరువు దించుకోవాలని ఎరువుల సబ్సిడీకి కత్తెర వేశారు. డీఏపీ, పొటాష్ ధరలు చెట్టెక్కి కూర్చున్నాయి. యూరియా ధర మాత్రం ఇంకాస్త తగ్గించారు. మరుసటేడు నాట్లప్పుడు భారతమ్మ ఆయన దగ్గరకు వచ్చింది. మొగుడు పోయాక ఎకరా చెరుకును ఒంటిచేత్తో సాకుతున్న మనిషి.

"ఏం జేసేది గంగాధరా?"

"ఏదైనా ఎరువే గదక్కా. చవగ్గా వచ్చేదాన్నే రెండింతలు ఎయ్యి. మంచిది గాకుంటే సర్కారోళ్ళు దాని ధర ఎందుకు తగ్గిస్తారు?"

తన తోటకు మాత్రం ఆయన పశువుల ఎరువు తోలుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని తోచనే లేదు. ఆయనకు పెంట దిబ్బ ఉంది, ఆమెకు లేదు. ఆమె తోట నల్లగా ఏపుగా లేచినప్పుడు దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

చల్లార్చే దోనెలో పోసిన పాకం పొద్దు వాలినా గట్టిపడలేదు. అచ్చు కట్టని బెల్లాన్ని చిత్తూరు మండీలో కన్నెత్తి చూడరు. ఆ బెల్లం అమ్మి బావి లోతు తీయించాలని భారతమ్మ రెండేళ్ళుగా అనుకుంటోంది.

"సారా కాచేవోళ్ళు తీసుకుంటార్లే. వాళ్ళకు అచ్చుతో ఏం పని," అన్నాడు వరదయ్య.

"ఎనుముల కుడితిలోకన్నా పోస్తా గానీ, వాళ్ళకియ్యను."

గానుగ దగ్గరకు వచ్చినవాళ్ళను ఉత్త నోటితో పంపకూడదు. భారతమ్మ అరిటాకు ముక్కలో పెనం అడుగున మిగిలిన వేడి పాకం వేసి గంగాధరానికి అందించింది. నాలుక మీద పెట్టుకున్నాడు. తీపి వెనకే ఉప్పు తగిలింది.

"తప్పు నాదక్కా."

"నువ్వొక్కడివేనా? వాళ్ళు ధర పెట్టినారు, నువ్వు చదివినావు, నేను పోసినాను. చేను మాత్రం నాదైపాయ."

"నరికిన చెరుకు మోళ్ళకు మా దిబ్బెరువు తోలిస్తా. మళ్ళీ చిగురేసే రెండో పంటన్నా బాగొస్తుంది."

"వద్దులే నాయనా. మోళ్ళు పెరికేసి రాగులు జల్లుతా. ఇంట్లో తినేదానికన్నా అయితాయి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది గంగాధరానికి. ఇంకేం చెయ్యాలో ఆమె ఆయన్ను అడగలేదు. వరదయ్య వైపు తిరిగి, పొయ్యి ఆర్పెయ్యమంది. గానుగ ఆడని చెరుకు ఇంకా బండెడు ఉంది.

ఆకులో సగం పాకం మిగిలింది. పారేయడానికి చేతులు రాక, గంగాధరం నిలబడే అంతా నాకాడు.