ఎండకు మూసుకునే సందు

పక్కవాటా శారదమ్మ కిందింటి వాళ్ళతో అన్నదట: "ఐజాకన్న పొద్దుగాల లేస్తే బైబిల్ వాక్యం సుత చదువుతలేడు. ఫోన్ల ఎర్ర కడ్డీలు, పచ్చ కడ్డీలు చూసుకుంట కూసుంటడు. పాపం, పెండ్లాం మోకాలు పట్టుకుని మెట్లెక్కుతుంటే తలెత్తడు." ఆ మాట చిలకలగూడలో పాలబూత్ దాకా పోయి, తిరిగొచ్చి ఐజాక్ చెవిన పడింది. అతను అప్పుడూ తలెత్తలేదు.

ఈ ఉదయమూ అంతే. గ్లాసులో టీ మీగడ కట్టింది. అతని చూపుడువేలికి గోరు సగమే ఉంది. మిగతా సగం ఎప్పుడో రైలు పట్టా కింద నలిగింది. ఆ వేలితోనే తెరమీది బొమ్మను సాగదీశాడు. పంపులు చేసే కంపెనీ షేరు. వేసవిలో ఒకరోజు ఒక ధర దగ్గర ఆగి, మర్నాడు ఎంతో కిందనుంచి మొదలైంది. రెండు కడ్డీల మధ్య తెల్లటి ఖాళీ. దాన్ని గ్యాప్ అంటారని వీడియోలో పాఠం చెప్పేవాడు అన్నాడు. "ధర మళ్ళీ పైకొచ్చి అవి చాలావరకు నిండుతాయి," అనీ అన్నాడు. ఐజాక్ చెవికి 'చాలావరకు' ఎక్కలేదు.

కాంట్రాక్టరు కింద పట్టాల గ్యాంగులో జీవితమంతా చేసినవాడు. చలికాలపు తెల్లవారుజామున లాలాగూడ దగ్గర పట్టాకీ పట్టాకీ మధ్య సందు విడి ఉండేది. ఎండెక్కితే ఇనుము సాగి అదే మూసుకునేది. ఒక్కనాడూ తప్పలేదు. అందుకే భార్య ప్రేమమణి బడిలో ఆయాగా చేసి, మోకాలి ఆపరేషన్‌కని దాచుకున్న పీఎఫ్ డబ్బంతా ఆ ఖాళీ అడుగు ధరకు షేర్లు కొని పెట్టాడు. ఆమెకు చెప్పే పెట్టాడు. "ఎండెక్కనీయవే," అన్నాడు. షేరు ఇంకా కిందికి జారింది.

ప్రేమమణి సంచితో తలుపు దగ్గర నిలబడింది. బాపట్లలో అక్క తన ఖర్చుతో ఆపరేషన్ చేయిస్తానంది.

"స్టేషన్‌కి వస్తారా?"

"మార్కెట్ తెరిచే టయిము. ఇయ్యాల కదులుద్ది."

ప్రయాణానికి ముందు ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోవడం ఆ ఇంటి అలవాటు. ఆమె కళ్ళు మూసుకుని చేసింది. అతను తెర చూస్తూనే ఆమెన్ అన్నాడు. శారదమ్మే వచ్చి ప్రేమమణి చెయ్యి పట్టుకుంది. ఆమె చేతికర్ర చప్పుడు ఒక్కో మెట్టే దిగిపోయింది.

షేరు నిజంగానే లేచింది. ఎండ కిటికీ దాటి అతని పాదాల మీదికొచ్చే వేళకు ఖాళీ అడుగంచును తాకింది. ఒక పచ్చ కడ్డీ లోపలికి తల పెట్టి చూసింది. తర్వాత ఎర్రది. మళ్ళీ ఎర్రది. మార్కెట్ మూసేసరికి పొద్దున మొదలైన చోటుకన్నా కింద ఉంది. ఐజాక్‌కు ఏమీ అనిపించలేదు. టీ పారబోసి గ్లాసు కడిగాడు.

సాయంత్రం శారదమ్మ కూరగాయల సంచితో గుమ్మం ముందు ఆగింది.

"బండెక్కిచ్చిన అన్నా. జెర తక్లీఫ్ పడ్డది గని ఎక్కింది."

ఐజాక్ వసారాలో తీగ వైపు చూశాడు. ప్రేమమణి రాత్రి ఉతికి ఆరేసిన మోకాలి పట్టీ. అది లేనిదే పాలకు కూడా పోదు.

"పట్టీ మర్చిపోయింది. దానికోసమన్నా రావాలిగా."

"మర్చిపోలే. నేను యాదిజేస్తే ఉండనీ అన్నది. మోకాలు బాగైనంక సుత ఈ మెట్లు ఎక్కనన్నది."

పట్టీ రోజంతా ఎండకు బిరుసెక్కి, మోకాలు వంగినంత వంపుతోనే వేలాడుతోంది.