రెండోసారి చిమ్మిలి

కోడూరు దాటాక సముద్రం వైపున్న పాలెంలో లక్ష్మీకాంతమ్మ కోపానికి ఆ ఏడాది పెద్ద పేరొచ్చింది. చేపలమ్మే ఆడమనిషి గొంతు పెంచడం వింతేమీ కాదు. కానీ బేరం మధ్యలో ఉన్నట్టుండి లేచి, ఐసు పెట్టె మూత తీసి, అందులో తల పెట్టి కూర్చోవడం మాత్రం వింతే. చలికాలంలో కూడా మెడ మీద చెమట ధారలు కట్టేది. రాత్రి రెండింటికి నిద్ర తెగిపోతే మళ్ళీ అతికేది కాదు. మొగుడు కొండలరావు బీపీ అని తేల్చేశాడు. ఆయనకు తెలిసిన జబ్బు అదొక్కటే.

ఆవిడకు యాభై రెండేళ్ళు. నెలసరి ఆగి ఏడు నెలలు. ఆగితే పీడా పోతుందనుకుంది. తీరా ఆగాక, పైకి చెప్తే నవ్విపోతారు గానీ, ఆ మూడు రోజుల మీద బెంగ పట్టుకుంది.

ఆ పాలెంలో బయట చేరిన ఆడది వల తాకకూడదు, పడవ దరిదాపులకు వెళ్ళకూడదు, చేపలకు ఉప్పు పట్టించే తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. పెడితే తొట్టంతా కుళ్ళిపోతుందట. ఉప్పుకు ఈ కబురు ఎవరు మోస్తారో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. ఇళ్ళ వెనక సరుగుడు తోటలో ఒక తాటాకు పాక ఉండేది. మూడు రోజులూ అందులోనే ఉండాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో కాంతమ్మ ఆ పాక చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. రెండో నెల వెళ్ళేసరికి అక్కడ పక్కింటి కోడలు ధనమ్మ కూర్చుని ఉంది.

"ఏడుపెందుకే పిచ్చిదానా? ఇక్కడుంటే బిందె మోయమని అడిగేవాడు లేడు, తట్ట ఎత్తమని అడిగేవాడు లేడు. పడుకో హాయిగా" అంది ధనమ్మ.

నిజమే. మిగతా ఇరవై ఏడు రోజులూ ఇద్దరి నెత్తినా తట్టలే. కాంతమ్మను అత్త కనకమహాలక్ష్మి తెల్లారకముందే లేపేది. ఆ మూడు రోజులు మాత్రం అదే అత్త కంచం దూరంగా పెట్టి, తిట్టడానికి కూడా దగ్గరకు రాకుండా వెళ్ళిపోయేది. వాళ్ళిద్దరూ అచ్చనగాయలు ఆడుకునేవాళ్ళు. ఒకరి జడ ఒకరు విప్పి పేలు చూసుకునేవాళ్ళు. మొగుళ్ళ నడకలూ మాటలూ అనుకరించి కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. అంటరానివాళ్ళని చేసి కూర్చోబెట్టారన్న కోపం కాంతమ్మకు ఈనాటికీ ఉంది. అయినా బతుకులో కాస్త తీరిక అంటూ దొరికింది ఆ పాకలోనే, దాన్ని కాదనలేకపోయేది. తర్వాత పక్కా ఇళ్ళొచ్చాయి, పాక పోయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ధనమ్మ మొగుడు పోయాడు. ఎదురుపడితే తట్టల కింద నుంచే పలకరించుకోవడం మిగిలింది.

శివరాత్రి వెళ్ళిన వారానికి ధనమ్మ పెరట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పింది.

"ఏమే కాంతం, నేను మళ్ళీ బయట చేరానే."

ధనమ్మకు యాభై నాలుగు. ఆగిపోయి రెండేళ్ళు దాటింది. నెలసరి ఆగిన చెయ్యి గనక ఊరి ఉప్పు తొట్ల పనంతా ఇప్పుడు ఆవిడదే. కాంతమ్మకు ముందు అసూయ పుట్టింది, ఆ వెనకే సంతోషం పొంగుకొచ్చింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! వయసు తిరిగొచ్చిందే నీకు! ఎవరికీ చెప్పమాక. చెప్తే తొట్లు పోతాయి, మీ కోడలు మాధవి నవ్వుద్ది."

అంతటితో ఊరుకుందా? ఆ సాయంత్రమే నువ్వులు వేయించి, బెల్లం వేసి, రోట్లో దంచి చిమ్మిలి చేసింది. సమర్తాడిన పిల్లకు పెట్టే చిమ్మిలి! ధనమ్మను సరుగుడు చెట్ల కింద చాప మీద కూర్చోబెట్టి, బుగ్గకు పసుపు రాసి, నోట్లో ఉండ కుక్కింది. ఇద్దరూ ముసలి పెళ్ళికూతుళ్ళలా పకపకా నవ్వారు. నెలల తర్వాత కాంతమ్మ ఆ సాయంత్రం ఐసు పెట్టె జోలికి వెళ్ళలేదు.

మర్నెల మళ్ళీ వచ్చింది. ఆపై నెల కూడా. వేసవిలో వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పని ఇంట్లో చెప్పి ధనమ్మ చాప పట్టుకొచ్చేది. కాంతమ్మ అన్నం క్యారేజీ తెచ్చేది. గింజలు ఏరుకొచ్చి అచ్చనగాయలు కూడా ఆడారు. వేళ్ళు వంగక గింజలు జారిపోతుంటే, "నీ అత్త చూస్తే ఇప్పుడేమనేదే?" అంటూ ధనమ్మ అచ్చం కనకమహాలక్ష్మి గొంతుతో తిట్టేది. వెళ్ళిపోయిన వయసు ఆ చాప మీదికి వచ్చి కూర్చున్నట్టే ఉండేది కాంతమ్మకు. అంత సంతోషంగా తను ఎన్నాళ్ళ కిందట ఉందో ఆవిడకే గుర్తు లేదు.

ఏరువాక వెళ్ళాక ఒకరోజు నర్సు జెస్సీ బీపీ చూడటానికి వచ్చింది. కొండలరావు పోరు పడలేక కాంతమ్మ చెయ్యి చాపింది. బీపీ లేదు.

"మరి ఈ మంటలేంటమ్మా? కోపం, నిద్ర లేకపోవడం... నాకేమన్నా పిచ్చా?" అని అడిగేసింది.

జెస్సీ నవ్వలేదు. పీట లాక్కుని కూర్చుంది. "పిచ్చి కాదు పిన్నీ, మెనోపాజ్. అండాశయాలు పని మానేస్తున్నాయి. అవి ఇచ్చే హార్మోను తగ్గితే ఒంట్లో వేడి ఇట్టాగే ఎగదన్నుద్ది, నిద్ర పోద్ది, చిరాకొస్తది. ఎముకలు కూడా గుల్లవుతాయి. పాలు, రాగులు, ముళ్ళతో తినే చిన్న చేపలు తిను. పొద్దున్నే నడువు. మరీ ఓర్చుకోలేకపోతే మందులున్నాయి, డాక్టరమ్మకి చూపిస్తా."

ఇన్ని నెలలుగా తన ఒంట్లో జరుగుతున్నదానికి ఒక పేరుందని తెలిసేసరికే కాంతమ్మకు సగం ప్రాణం కుదుటపడింది.

"ఒకటి గుర్తుపెట్టుకో పిన్నీ" అంది జెస్సీ సంచి సర్దుకుంటూ. "ఏడాది పాటు పూర్తిగా ఆగాక మళ్ళీ ఒక్క చుక్క కనపడినా అది నెలసరి కాదు. వెంటనే చూపించుకోవాలి. చాలామందికి ఏమీ ఉండదు. కొందరికి మాత్రం అది గర్భసంచిలో కేన్సరు."

కాంతమ్మ చిమ్మిలి దంచిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. జెస్సీ వెళ్ళిపోయిన సంగతి కూడా గమనించలేదు.

ధనమ్మ తొట్టి దగ్గర ఉప్పు కలుపుతోంది. విన్నది విన్నట్టు చెప్పింది కాంతమ్మ. ధనమ్మ తలెత్తలేదు.

"మనకి తెలీనిదా? కుర్రపిల్ల, ఏదో చదువుకుంది చెప్పింది. నేను రాను."

"ధనం..."

"రానన్నానా? ఆయన పోయినకాడ్నించి నేను నవ్విందే ఆ చాప మీద. అదీ రోగమేనంటావా ఇప్పుడు?"

కాంతమ్మ పక్కన చతికిలబడింది. నవ్వింది తనూ అక్కడే కదా. నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పు. మూడు రోజులేనా?"

ధనమ్మ ఉప్పు చేతులు ఆగాయి.

"నీకు మూడని చెప్పాను. కిందటి నెల పది. ఈ నెల అసలు ఆగలా. పొత్తికడుపు లాగేస్తంది. చెప్తే నువ్వు చాప మడిచేస్తావని చెప్పలేదే."

కాంతమ్మ ఆ రోజు అరవలేదు. ఆవిడ అరవకపోవడం చూసే ధనమ్మ భయపడి ఉంటుంది. మర్నాడు ఇద్దరూ అవనిగడ్డలో బస్సు మారి బందరు వెళ్ళారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఎప్పట్నించమ్మా?"

"ఈ నెలేనండీ" అంది ధనమ్మ చటుక్కున.

కాంతమ్మ ముందుకు జరిగింది. ఊరుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. "అబద్ధమండీ. శివరాత్రి నించి. నాకు తెలుసు. దాచమంది నేనే. వయసు తిరిగొచ్చిందని పండగ చేసింది కూడా నేనేనండీ" అంది. చివరి మాటకు ఏడుపొచ్చేసింది.

"దానికేం తెలుసండీ, అది నాకన్నా చిన్నది" అంది ధనమ్మ.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్కానింగు రాసింది. లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా కాంతమ్మ ఐసు పెట్టె, నడక, రాగులు అన్నీ మర్చిపోయింది. అడిగినవాళ్ళకు ధరలు కూడా తప్పు చెప్పింది.

రిపోర్టులో కేన్సరనే వచ్చింది. అయితే మొదట్లోనే ఉందని, గర్భసంచి దాటి వెళ్ళినట్టు లేదని, తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనుకు తారీఖు ఇచ్చింది.

"నాలుగు నెలల ముందే వచ్చుంటేనండీ?" కాంతమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ముందొస్తే ఇంకా మంచిదే. ఇంకా ఆలస్యం చెయ్యలేదు, అది చాలు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా ఆటోలవాళ్ళు బేరాలాడుతున్నారు. కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. "నేనే నిన్ను చంపేదాన్నే. నీ నెత్తురు చూసి నవ్వాను గదే నేను."

ధనమ్మ ఆవిడ చేతిలోంచి కొంగు లాగేసి, ఆ కొంగుతోనే ఆవిడ మొహం గట్టిగా తుడిచింది.

"ఏడవమాక. ఆ నాలుగు నెలలూ నాకు బాగున్నాయే కాంతం. ఆయన పోయాక నాకున్నవే అవి. వాటిని పాడుచెయ్యమాక."