నుదుటి మీది గాయం

మా చెల్లెలు పోయాక నేనే పెంచిన ఆమె కొడుకు వేణు, దయ్యాల సినిమాలకు గాయాలు తయారుచేస్తాడు. తెగిన గొంతు, కాలిన చెయ్యి, పగిలిన తల అతని చేతిలో పుట్టి, షూటింగ్ అయ్యాక సబ్బునీళ్లలో కరిగిపోతాయి. మహబూబాబాద్‌లో నా తోటి పింఛనుదారులు ఆ వృత్తిని వెక్కిరించినప్పుడు నేనే వాదించాను: చూసేవాణ్ణి ముందే ఒప్పించి చేసేది మోసం కాదు, కళ అని. ఆ నిర్వచనాన్ని ఇప్పటికీ మార్చుకోను.

కిందటి నెల ఒక ఉదయం మొగుళ్లపల్లిలోని తన ఇంటి నుంచి ఫోను చేశాడు.

"పెద్దమ్మా, చందూలాల్ కర్రతోని కొట్టిండు. జర వచ్చిపో."

చందూలాల్ పక్క తండా రైతు. ఇద్దరి పొలాల నడుమ ఉన్న గట్టు ఎవరిదన్న తగాదా పాతదే. నేను బస్సు దిగి వెళ్లేసరికి వేణు కుర్చీలో ఒరిగి ఉన్నాడు. తలకు చుట్టిన గుడ్డకట్టు కొంచెం ఎత్తి చూపించాడు. ఎడమ కనుబొమ పైన చర్మం చీలి, అంచులు ఉబ్బి, లోపల ఎర్రటి తడి. దవాఖానకు పదమన్నాను.

"ముందుగాల పెద్దమనుషులు చూడాలె పెద్దమ్మా."

అతని వృత్తి తెలిసీ నేను అనుమానించలేదు. ఎత్తుకుని పెంచిన బిడ్డ ముఖాన్ని ఎవరూ పరీక్షగా చూడరు.

పంచాయితీ బడి పక్కన రేకుల షెడ్డు కింద కూర్చుంది. ఆ బడిలోనే ఒకప్పుడు నా దగ్గర చదివిన చందూలాల్ నిలబడి నన్ను అడిగాడు.

"మేడం, నేను కొట్టంగ మీరు చూసిన్రా?"

"కొట్టంగ చూడలే. దెబ్బ చూసిన."

ఆ రెండో మాటే చాలింది. పెద్దమనిషి మొగిలి గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మ అబద్ధం ఆడదని ఊరంతకు ఎరుకే. చందూ, గట్టు ఇడిచిపెట్టు. లేకుంటె కేసైతది."

"గట్టు పోతె మా బాయికి తొవ్వేది?" అంది చందూలాల్ భార్య రుక్కి. "గాల్ల ఎగురుకుంట పోవాల్నా?"

"రెక్కలు కట్టుకో రుక్కీ" అన్నారెవరో. నవ్వులు.

అప్పుడు వేణు మెడ మీద నల్లచీమ ఒకటి కనిపించింది. దాని వెనుక మరొకటి. కుర్చీ కోడు మీదుగా వరుసకట్టి ఎక్కి, చెవి పక్కనుంచి కట్టులోకి దూరుతున్నాయి. కట్టు పైకి జరిపి దులపబోయాను. వేలికి జిగురు అంటింది, చక్కెర పాకం వాసన. గాయం అంచు ఎండిన బంకలా లేచి నా చేతిలోకి వచ్చింది. దాని కింద నుదురు నున్నగా ఉంది. నటుల నోట్లో పడినా హాని ఉండకూడదని సినిమా నెత్తురును పాకంతో చేస్తారు. చీమలు లేని చోట ఆ పద్ధతికి లోపం లేదు.

వేణు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఊకో పెద్దమ్మా. ఎవ్వలు చూడలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు గిట్ల సాక్ష్యం చెప్తుంటివా? దెబ్బ ఎవలన్న చేస్తరు. నమ్మేటట్టు చెప్పెటోళ్లు దొరకద్దా?"

పాకం, బంక, రంగు. వాటితో పాటు నా మాటను కూడా కలిపి కాచాడు.

చెయ్యి విడిపించుకుని, ఊడిన తోలును తీసుకెళ్లి మొగిలి ముందున్న బల్ల మీద పెట్టాను.

"మొగిలి తమ్మీ, నేను చూసిన దెబ్బ ఇది. నా సాక్ష్యం వాపస్ తీసుకుంటున్న."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొగిలి దాన్ని వేలితో కదిపి, వేలు పంచెకు తుడుచుకుని, గట్టు మాట ఇక ఎత్తవద్దని వేణుకు చెప్పాడు.

రుక్కి నన్ను దాటి వెళ్లిపోయింది, ఆగలేదు. చందూలాల్ ఆగాడు.

"మీరు దెబ్బ చూసిన అన్నంక, మేడం" అన్నాడు, "నిజంగనే కొట్టిన్నా ఏందని నాకే అనుమానమైంది."