చర్చి కుర్చీలు

"చెప్పిన పని జేస్తే చాలు అమ్మమ్మా. ఉల్లిగడ్డలు కొయ్యి, ఇల్లు ఊడువు. వంట మాత్రం నాది," అంది ఆశా పొద్దున్నే.

సరేనంది ప్రేమమ్మ. అన్నదే గాని కాళ్లూ చేతులూ ఊరుకుంటేగా! సోమవారం మనవరాలు నర్సింగ్ చదువుకు వరంగల్ హాస్టల్‌కు పోతుంది. మొయినాబాద్ కాలేజీలో దానితో కలిసి చదివిన ముగ్గురు ఆడపిల్లలూ తలా ఒక ఊరికి చెదిరిపోతున్నారు. వాళ్లను ఈ సాయంత్రం పిలిచి తన చేత్తో వండి పెట్టాలని ఆశా పంతం. తల్లికి చందనవెల్లి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. కనకమామిడిలోని ఆ రెండు గదుల ఇంట్లో పిల్లకు సాయం ప్రేమమ్మ ఒక్కతే.

ఆమెకు ఒకటే గుబులు. ఇంట్లోంచి పోయే మనిషి మొహం ముడుచుకుని గడప దాటకూడదు. తన తమ్ముడు అట్లాగే అలిగి దాటాడు. మళ్లీ మాట కలిపే వీలు లేకుండానే చనిపోయాడు. ఈ పిల్ల నవ్వుతూ పోవాలి.

కాని పాస్తా అట! తెల్ల సాస్ అట, ఫోన్‌లో చూసి చేస్తుందట. అది ఎవరి కడుపు నింపుతుంది? ఆశా చీజ్ కొనడానికి మొయినాబాద్ పోగానే ప్రేమమ్మ చర్చి నుంచి పెద్ద వంట గంజు, కుర్చీలు ఆటోలో వేయించుకుని తెచ్చింది. దొడ్లో పొయ్యి రాజేసి బగారన్నం ఎక్కించింది. నలుగురికి వండడం ఆమెకు చేతకాదు. చర్చి కూడికలకు వండీ వండీ ఆ చెయ్యి గంజు కొలతకే అలవాటు పడింది.

ఆశా తిరిగొచ్చి సంచీ కింద పడేసింది. "ఎవరు తెమ్మన్నరు ఇవన్ని? మేం చాప మీద కూసుంటమని చెప్పిన్నా, లేదా?"

"వచ్చినోళ్లను కింద కూసోబెడ్తరా బిడ్డా?"

"అదే నాకు గావాల్సింది! నువ్వు హెల్ప్ జేస్తలేవు అమ్మమ్మా, నా పార్టీ గుంజుకుంటున్నవ్."

ప్రేమమ్మ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. అయితే అసలు చిక్కు పొద్దుగూకే వేళకు తన కాళ్ల మీద తనే నడిచొచ్చింది. ఆ ఊళ్లో చర్చి కుర్చీలు, పెద్ద గంజు కలిసి ఒక ఇంటికి వెళ్లాయంటే అక్కడ కృతజ్ఞతా కూడిక, అంటే ప్రార్థనా భోజనమూ, ఉన్నట్టే. వేరే పిలుపు ఉండదు. అట్లా చూసి ఎన్ని ఇళ్లకు తానూ పోలేదు? అయినా తట్టలేదు.

లోపల పాస్తా ఉడుకుతుండగా సంఘ పెద్ద మల్లప్ప చంకలో బైబిలు పెట్టుకుని వచ్చాడు. వెనక ఓ గుంపు.

"వందనాలు ప్రేమమ్మక్కా. పిల్ల చదువుకు పోతున్నదని ప్రార్థన పెట్టిస్తున్నవా? మంచి పని జేసినవ్," అని కుర్చీలో కూలబడ్డాడు.

"పాట ఎవలెత్తుకుంటరు?" అంటూ పొరుగింటి లక్ష్మమ్మ పాటల పుస్తకం తెరిచింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ముగ్గురు పిల్లలూ దిగి, వాకిలి నిండా ముసలివాళ్లను చూసి బిగుసుకుపోయారు. వర్షిత అనే పిల్ల మెల్లగా అడిగింది: "ఆశా, ఎవరన్నా పోయిన్రా?"

ఆశా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మమ్మ వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

ప్రార్థనకు వచ్చినవాళ్లను పొమ్మనడమెట్లా? "మల్లప్పా, ఈడ జాగ చాలదు, మీ ఇంట్ల పెట్టుకుందం," అంది ప్రేమమ్మ. ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకున్నారు. గంజును ఇద్దరు మోశారు. ఎదురుగా ఉన్న మల్లప్ప ఇంట్లో పాట మొదలైంది.

"దేనికి కృతజ్ఞతనో చెప్పక్కా," అన్నాడు మల్లప్ప.

ప్రేమమ్మ లేచి నిలబడింది. పిల్ల చూసిన ఆ చూపే కళ్లముందు ఆడుతోంది. "నా మనవరాలు తన దోస్తులకు తన చేత్తోని వండి పెడుతున్నది. నన్ను దగ్గరికి రానిస్తలేదు. దానికే," అంది. అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

అన్నాలు ముగిసే సమయానికి ఆశా గిన్నె పట్టుకుని మల్లప్ప గుమ్మంలో నిలబడింది. చెంపకు సాస్ అంటుకుని ఉంది.

"పాస్తా ముద్దయింది. గోడకేస్తే అంటుకుంటది. వర్షితకు బగార వాసనొస్తున్నదంట. జర ఉన్నదా?"

ప్రేమమ్మ గంజు వంచింది. అడుగున మాడు తప్ప ఏమీ లేదు.

"పొద్దటిసంది ఒద్దంటే వండినవ్, గావాలన్నప్పుడు లేదు!"

"నువ్వే ఒద్దన్నవ్ గదనే!"

"ఒద్దంటే? ఊరంత పంచుమన్ననా?"

ప్రేమమ్మ గంటె అందుకుని గంజులోకి వంగింది. కాసేపు చూసి, విసుక్కుంటూనే ఆశా గంజు అంచు పట్టుకుంది. కరకరలాడే మాడుతో గిన్నె నిండింది.

ఇంటికొచ్చాక నలుగురు పిల్లలూ చాప మీద కూర్చుని, పాస్తాలో మాడు నంజుకుంటూ ఆఖరి ముక్క కోసం కొట్లాడుకున్నారు. ప్రేమమ్మను ఎవరూ రమ్మనలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆటో వచ్చినప్పుడు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

వాళ్లను పంపి వచ్చి ఆశా ఖాళీ గిన్నె గట్టు మీద పెట్టింది.

"సోమవారం నువ్వు బస్టాండుకు రావద్దు."

ప్రేమమ్మ గబగబా దగ్గరికొచ్చింది. "ఎందుకే?"

"కుర్చీలు దెస్తవ్."

అని మొహం అటు తిప్పుకుంది. ప్రేమమ్మ ఉండబట్టలేక చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి చూసింది. పిల్ల నవ్వాపుకోలేక పెదవి కొరుకుతోంది.

"ఏంది, అట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. చెంపకు సాస్ అంటింది," అంది ప్రేమమ్మ, కొంగు తీస్తూ.