అడ్డుపలక

తొకోన్ పొయ్యి నోట్లోకి తల దూర్చి, అరచెయ్యి పైకెత్తి, గొట్టం గాలి లాగుతోందో లేదో చూశాడు. లాగుతోంది. తల బయటికి తీసేసరికి కనుబొమల మీద మసి పేరుకుంది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో రెండుసార్లు నలుపుకున్నాడు. వారం నుంచీ అదే తంతు. ఎవరైనా అడిగితే నెపం ఇటుకల మీదికి నెట్టేస్తున్నాడు.

అరవై ఆరేళ్ల పొట్టి మనిషి. వేళ్ల సందుల్లో మట్టి ఎంత కడిగినా పోదు. బడిలో బాయిలరుకి ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గు వేశాడు. పెన్షను మొదలయ్యాక ఇళ్ల సంఘానికి గదుల్ని వెచ్చబెట్టే ఇటుక పొయ్యిలు ఊరికే కట్టిపెడుతున్నాడు. ఆ సంఘానికి పెద్ద హంగేమీ లేదు. గూడు లేనివాళ్లకి రెల్లూ మట్టీ కర్రలతో రెండు గదులు లేపుతుంది. ఊరు ఊరంతా అషార్‌కి వచ్చి కూలి తీసుకోకుండా తలా ఓ చెయ్యి వేస్తుంది. గోడలు ఎవరైనా మెత్తుతారు, పొయ్యి మాత్రం తొకోనే. ఇది పదిహేడోది.

ఈ ఇల్లు గుల్బారాది. బడి వంటింట్లో గిన్నెలు తోముతుంది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో నాలుగు చలికాలాలు కాపరుల పాత ఇనపబండిలో ఈడ్చింది పాపం. రేపు పొద్దున్నే ఇంట్లో చేరాలి. కొండ సగం దాకా మంచు దిగిపోయింది.

ఆనవాయితీ ప్రకారం గుల్బారా మొదటి మంటలో గొర్రెకొవ్వు ముక్క వేసింది. అది చిటపటలాడింది. మంట తగ్గాక, పెద్దన్నని పిలిచినట్టు తొకోన్‌ని ఆకే అని పిలిచి తొందరపెట్టింది.

"ఇక పలక తోసెయ్యండి ఆకే. గది వేడెక్కిందిగా. మిగతా వేడంతా ఆకాశానికి పోతోంది."

పొగగొట్టానికి అడ్డంగా తోసే ఇనప పలక అది. బొగ్గు పూర్తిగా ఆరాక మూస్తే తెల్లారేదాకా వెచ్చదనం నిలుస్తుంది. బొగ్గు మీద ఇంకా నీలంమంట ఆడుతుండగా తొందరపడి మూస్తే రంగూ వాసనా లేని విషం గదినిండా పరుచుకుంటుంది.

"నీలంమంట ఉందా, పోయిందా?"

"ఏదో కొంచెం ఉంది."

"చంపేది ఆ కొంచెమే."

"అబ్బబ్బ! మా అమ్మ రోజూ అలాగే మూసేది. మేం చచ్చామా? ఉన్న బొగ్గు నడి చలికాలం దాకా కూడా రాదు. అందరూ మీ ఆవిడలా మతిలేకుండా మూసేస్తారనుకుంటే ఎలా?"

అనేసి నాలుక కరుచుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ మేలిస్, సంఘం పనులు చూసే కుర్రాడు, చప్పున తల దించుకున్నాడు.

తొకోన్ చేతికి గుడ్డ చుట్టుకున్నాడు.

"అయిమ్కాన్ మూయలేదమ్మా. నేనే మూశాను. తెల్లారి డ్యూటీకి పోతూ మూశాను. నీలంమంట కనబడుతున్నా మూశాను. పాపకి దగ్గు, గది చల్లబడకూడదనుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ పక్కలోనే ఉన్నారు." పలక పిడి పట్టుకున్నాడు. "ఊరంతా ఆవిడ మతిమరుపంది. నేను నోరు మెదపలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ నింద ఆవిడ మీదే ఉండనిచ్చాను, సిగ్గులేని వెధవని."

ఆయన గుడ్డ చుట్టిన చేత్తో పలకను పూర్తిగా లాగేసి బకెట్లో ముంచాడు. నీళ్లు సుయ్‌మన్నాయి. తుడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. గొట్టం పక్కన పలక దూరిన సందుని తడిమట్టితో పూడ్చాడు.

"మంట చూడ్డం నేర్చుకో. అప్పుడిస్తాను. అప్పటిదాకా బొగ్గు ఎక్కువ పడితే పడనీ."

"రెండు బస్తాలు నేను చూస్తాను," అన్నాడు మేలిస్ నెమ్మదిగా.

"సరే, ఇక బయటికి నడవండి. కిటికీలు బిగించండి. ముందు నేను కూర్చోవాలి."

పదహారిళ్లలోనూ ఇదే పద్ధతి. కొత్త పొయ్యి దగ్గర, మూసిన గదిలో, రెండు గంటలు ఒక్కడే. చాదస్తమని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. విషం ఉంటే ముందు తనకే తగలాలనే అలా చేస్తాడని గుల్బారాకి ఇవాళ తెలిసింది.

బండి దగ్గర చాయ్ కాస్తూ ఆమె తనను తానే తిట్టుకుంది. మాటిమాటికీ పొగగొట్టం కేసి చూసింది. పొగ నిటారుగా లేస్తోంది. రెండు గంటలయ్యాక చాయ్, రొట్టె తీసుకుని తలుపు తట్టింది. లోపల్నించి జవాబు రాలేదు. తోసింది.

ఆయన బూట్లు విప్పి, టోపీ మోకాలికి తగిలించి, పొయ్యి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఆకే, చాయ్."

చెయ్యి ముట్టుకుంది. పొయ్యి వైపున్న చెయ్యి వెచ్చగా ఉంది. రెండో చెయ్యి చల్లబడిపోయింది.

ఆమె కేకకి ఊరు కదిలొచ్చింది. నర్సు చూసి "గుండె" అంది. కానీ నర్సు తప్ప ఇంకొకరు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"గుండో, పొగో, ఎవరు చూడొచ్చారు?" అంది పక్కింటి ముసలమ్మ. "పసివాళ్లని ఇందులో పడుకోబెట్టకే తల్లీ. మళ్లీ ఆ బండికే పో."

అవునవునని నలుగురు తలలూపారు. గుల్బారా అందరి మొహాలూ చూసింది. మళ్లీ బండా? వంగి తొకోన్ కోటులో చెయ్యి పెట్టి, పలకను బయటికి తీసి అందరికీ కనబడేలా ఎత్తింది.

"గొట్టం మూయడానికి పలకేదీ? ఇదిగో, ఇందాకట్నించీ ఆయన జేబులోనే ఉంది. తప్పు ఈ పొయ్యిది కాదు." ఏడుపు ముంచుకొస్తున్నా ఆపలేదు. "అయిమ్కాన్‌దీ కాదు. ఆవిడ మూయలేదు. ఆయనే చెప్పారు."

"నేనూ విన్నాను," అన్నాడు మేలిస్.

ముసలమ్మ అందరికంటే ముందు చెప్పులు విప్పి గుమ్మం దాటింది.

మర్నాడు ఆయన్ని భార్యాబిడ్డల పక్కనే పూడ్చారు. ఆ సాయంత్రమే గుల్బారా పిల్లలతో ఇంట్లో చేరింది. మంట చూడ్డం ఆమె బాగానే నేర్చుకుంది, అయినా పలకను గొట్టంలోకి తొయ్యలేదు. చలికాలమంతా అది పొయ్యి పక్కన మేకుకే వేలాడింది, ఒక మూల ఆయన వేలి మట్టి ఎండిపోయి.