నలభై మూడు సెకన్లు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కోపంతోనే నేను సర్వర్ పని పట్టాను. నల్లగొండలో మా చిన్న కంపెనీ రక్తం కోసం ఒక యాప్ నడుపుతుంది. జిల్లాలోని బ్లడ్ బ్యాంకుల్లో ఏ గ్రూపు సంచులు ఎన్ని ఉన్నాయో ఆసుపత్రులకు అందులో కనిపిస్తుంది, అక్కడే బుక్ చేసుకోవచ్చు. ఎండాకాలమంతా యాప్ నత్తనడక నడుస్తోందని ఒకటే ఫోన్లు. "మీ యాప్ కన్నా నడిచిపోయి తెచ్చుకునుడే నయం" అని ఒక నర్సు దులిపేసింది. నాకు ఒళ్లు మండింది.

జబ్బు ఏమిటో తెలిసిందే. ప్రోగ్రాం నడిచేకొద్దీ వాడి వదిలేసిన డేటా మెమరీలో చెత్తలా పేరుకుంటుంది. దాన్ని ఊడ్చడానికి సర్వర్ మాటిమాటికీ రెప్పపాటు ఆగుతుంది. ఆ ఊడ్పునే గార్బేజ్ కలెక్షన్ అంటాం. ఊడ్పులు మరీ ఎక్కువైతే అసలు పని సాగదు.

మాది రామన్నపేటలో నేతపని చేసే ఇల్లు. మా బాపు నరహరి నేత మధ్యలో మగ్గం ఆపడు. మగ్గం కింది గుంటలో నూలు పీచు ఎంత పేరుకున్నా సరే, అమావాస్య నాడు మగ్గానికి సెలవు కాబట్టి ఆ రోజే మొత్తం దులుపుతాడు. నేనూ అదే చేశాను. సర్వర్‌కు మెమరీ ఎనిమిది రెట్లు పెంచాను. పగలంతా ఊడ్పు జోలికి పోకుండా పని చేసుకోవాలి, తెల్లవారుజామున ఒక్కసారి ఆగి శుభ్రంగా మళ్లీ మొదలవ్వాలి, అట్లా సెట్టింగులు మార్చాను. యాప్ పరుగు అందుకుంది. మా యజమాని రఘుపతి సార్ మిఠాయి తెప్పించి "సుచరిత చెయ్యి పడ్డదంటే గంతే" అన్నాడు. నేను పొంగిపోయాను. పట్టపగలే మెమరీ నిండితే ఏమవుతుందో ఒక్కసారైనా పరీక్షించానా? లేదు.

సెప్టెంబరులో డెంగీ జ్వరాలు ముంచుకొచ్చాయి. ప్లేట్‌లెట్ల కోసం జిల్లా జిల్లానే యాప్ మీద పడింది. రోజంతటికీ సరిపోతుందనుకున్న మెమరీ ఒక మంగళవారం పదకొండింటికే నిండిపోయింది. అంత చెత్తనూ ఒక్కపెట్టున ఊడ్చడానికి సర్వర్ నలభై మూడు సెకన్లు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఐలేశం ఓ నెగెటివ్ గ్రూపు రక్తం ఒక సంచి బుక్ చేస్తున్నాడు. తెర కదల్లేదు. నాలుగుసార్లు నొక్కాడు. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉంటే ఎవరైనా నొక్కుతారు. సర్వర్ తేరుకోగానే నాలుగు సంచులూ అతని పేరున రాసేసింది. ఊళ్లో ఉన్నవే నాలుగు. పది నిమిషాల తర్వాత ఇంకో ఆసుపత్రిలో, కాన్పయ్యాక రక్తం ఆగని మంజులత కోసం అదే గ్రూపు వెతికితే సున్నా అని చూపింది. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేస్తే అన్నీ బుక్ అయిపోయాయన్నారు. ఆమె భర్త సూర్యాపేటకు బండి మీద పోయి తెచ్చేసరికి ఆమె లేదు. బిడ్డ బతికింది. ఇక్కడి బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఐలేశం పేరున మిగిలిన మూడు సంచులు సాయంత్రం దాకా ఎవరూ ముట్టకుండా ఉన్నాయి.

మర్నాడు ఆ చావు కబురు విని, సర్వర్ తన పనంతా రాసుకునే లాగ్ తెరిచి చూస్తే అంతా నిమిషాలతో సహా ఉంది. పరుగున రఘుపతి సార్ దగ్గరికి పోయాను.

"నాలుగుసార్లు నొక్కింది ఆయన. మనం నొక్కినమా?" అన్నాడు సార్. "ఆపరేటర్ పొరపాటని ఆసుపత్రికి రాసియ్యి."

"సర్వర్ ఆగింది సార్. నేను పెట్టిన సెట్టింగుతోని ఆగింది."

"జర మెల్లగ మాట్లాడు. గీ ముచ్చట బయట పడితే యాప్ బంద్ అయితది. పన్నెండు మంది రోడ్డున పడ్తరు."

చాయ్ చల్లగా ఉందని క్యాంటీన్ వాడి మీద ఇంతెత్తున లేచే నేను, అప్పుడు నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా ఆ రిపోర్టు టైపు చేసి సంతకం పెట్టాను. ఐలేశం ఉద్యోగం పోయింది. పని నడుస్తుండగానే కొంచెం కొంచెంగా ఊడ్చుకునే పద్ధతికి సర్వర్‌ను మార్చాను. గంట పట్టింది, అంతే.

అమావాస్యకు ఇంటికి పోయాను. బాపు మగ్గం గుంటలో దిగి పీచు తీస్తున్నాడు. గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను, మగ్గం చూసే ఆ పని చేశానన్నది కూడా.

"నా మగ్గం ఆగితే చీర ఒకరోజు ఆలస్యమైతది బిడ్డా," అన్నాడు బాపు. "నీ దాని ముంగట మనుషులు నిలబడి ఉంటరు గదా. సరే, అది తెల్వక చేసినవ్. కాయితం తెలిసే రాసినవ్ కదనే!"

ఆ మాటకు ఏడుపు ఆగలేదు నాకు. అక్కడే కూర్చుని అసలు సంగతి రాసి, లాగ్ జతచేసి, రెండు ఆసుపత్రులకూ సార్‌కూ పంపించాను. సార్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎత్తలేదు. నల్లగొండ బస్సెక్కి, అడ్రసు పట్టుకుని ఐలేశం ఇంటికి పోయాను.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. యాప్ కంపెనీ మనిషినని చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మీ యాప్‌ల తప్పేం లేదు మేడం. నేనే నొక్కిన. మంజులతోళ్ల ఇంటికి పోయిన, కాళ్లు మొక్కుదామని. తలుపు తియ్యలే."

"అన్నా, మీరు నొక్కినప్పుడు సర్వర్ ఆగి ఉండె. నా తప్పుతోని ఆగింది. మీ తప్పేం లేదు."



"మీకు ఎప్పుడు ఎరుకైంది?"

"తెల్లారే."

"పద్దెనిమిది రోజుల సంది ఎరుకేనా?"

తల ఊపాను. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. అతను గుమ్మం వైపు తిరిగి, "రాజమణీ," అని భార్యను పిలిచాడు.

"ఇటు రావే. ఆమెను నేను చంపలేదంట."