ఎర్ర ముల్లు మీద బొటనవేలు

మా ల్యాబులో కాంక్రీటు దిమ్మలు పగలగొట్టే మిషను ఒకటి ఉండేది. అది పని మొదలుపెడితే మూడు వీధుల అవతల చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఒకసారైతే దాని అదురుకి పక్క గదిలో గోడ గడియారం రెండు గంటలు ముందుకు దూకింది. ఆ రోజు కాలేజీ అంతా మూడింటికే ఇంటికెళ్ళిపోయింది. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఆ మిషను పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివే పిల్లలు సిమెంటు, ఇసుక, కంకర కలిపి జానెడు దిమ్మలు పోస్తారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో నానబెడతారు. ఆ తర్వాత నేను వాటిని మిషనులో పెట్టి నొక్కుతాను. ఎన్ని టన్నుల బరువుకి పగిలితే అంత గట్టిదన్నమాట. ఆ అంకెని బట్టి మార్కులు. నాకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. పిల్లలు నన్ను మావయ్యా అని పిలిచేవాళ్ళు. అంతమంది మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు ఉన్న మనిషి భూమ్మీద ఇంకొకడు లేడు.

నేను రిటైరైన తొమ్మిదేళ్ళకి, ఒక పొద్దున ఫోను మోగింది.

"మావయ్యా, నేను పిడుగుని!"

పిడుగంటే మా పిడుగే. మనిషి మా మిషను పిడి ఎత్తు ఉండేది. తట్టెడు కంకర నెత్తిన పెట్టుకుని ల్యాబు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. ఇప్పుడు పెద్ద పెద్ద వంతెనలు కడుతుంది.

"యూనివర్సిటీ వాళ్ళు నాకు అవార్డు ఇస్తున్నారు మావయ్యా. పాత విద్యార్థుల్లో పనిలో పేరు తెచ్చుకున్నవాళ్ళకి ఏటా ఒకరికి ఇస్తారే, అది."

"ఒక్కటేనా? నీకు పది ఇచ్చినా తక్కువే."

"ఒకటి చాల్లే, పెట్టుకోడానికి చోటు లేదు. సంగతేంటంటే, అవార్డు తీసుకునేవాళ్ళు తమకి పని నేర్పిన గురువుని స్టేజీ మీదికి పిలవాలి. ఆయన మూడు నిమిషాలు మాట్లాడాలి. నేను నిన్ను రాశాను."

ఫోను నా చేతిలో సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది.

మర్నాడే పాత విద్యార్థుల సంఘం సెక్రటరీ మా ఇంటికొచ్చాడు. ఇప్పుడు అతనూ నాకు మేనల్లుడే, పిడుగుతో కలిసి చదివినవాడే. ఆ ఏడు బంగారు పతకం అతనిదే. మా ఆవిడ కుట్టు మిషను పక్కన కుర్చీ చూపిస్తే, అంచున కూర్చున్నాడు.

"మావయ్యా, నువ్వంటే మాకందరికీ ప్రాణం. కానీ నువ్వు మైకు పట్టుకుంటే..."

"పట్టుకుంటే?"

"రిటైర్మెంటు రోజు ఏం చెప్పావో గుర్తుందా? నీళ్ళ తొట్టిలో మొసలిని పెంచానన్నావు. ఒక విలేఖరి నమ్మి కెమెరా తీసుకుని వచ్చాడు."

"చిన్న మొసలి అన్నాను కదా బాబూ."

మా ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎనిమిది వందల మంది ఇంజనీర్లు వస్తారు మావయ్యా. నీ బదులు అప్పటి మన డిపార్టుమెంటు హెడ్డు గారిని మాట్లాడమందాం అన్నాను. 'మావయ్య లేకపోతే నాకు అవార్డే వద్దు' అంది పిడుగు. అన్నంత పనీ చేస్తుంది. అందుకని ఒక్క షరతు. మొదటి కోత వినపడగానే మైకు ఆపేస్తాను. పిడుగు పరువు నీ నోట్లో ఉంది."

అతను వెళ్ళాక మా ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. ఆవిడ చొక్కాలు కుడుతుంది. ఒక స్టీలు గిన్నె, గుప్పెడు బొత్తాలు ముందు పెట్టుకుంది.

"చెప్పండి. అబద్ధానికో బొత్తం."

"సభకు నమస్కారం. ఈ అమ్మాయి మొదటిసారి ల్యాబులో అడుగుపెట్టినప్పుడు భూమి అదిరింది..."

టంగ్.

"అంటే, కొంచెం అదిరింది."

టంగ్.

మొదటి రోజు పందొమ్మిది బొత్తాలు పడ్డాయి. రెండో రోజు పదకొండు. నాలుగో రోజుకి ఒక్కటీ పడలేదు, కానీ ఉపన్యాసం పదిహేను సెకన్లకి వచ్చేసింది. "అమ్మాయి వచ్చింది. దిమ్మలు పోసింది. పగిలాయి. ఇంజనీరు అయింది."

"ఇదేంటండీ, చీటీ చదివినట్టు!" అంది మా ఆవిడ. "ఆ పిల్ల అందరిలాంటిది కాదని మీరే అంటారుగా. ఎందుకు కాదు? ఆ ముక్క చెప్పండి. నిజంగా జరిగింది చెప్పండి."

నిజంగా జరిగింది ఒకటుంది. ఇరవై రెండేళ్ళుగా అది నా కడుపులోనే ఉంది. ఆవిడకీ చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను.

మిషను డయలు మీద రెండు ముళ్ళుంటాయి. నల్ల ముల్లు బరువుతో పాటు పైకి వెళుతుంది, దిమ్మ పగలగానే కిందికి పడిపోతుంది. ఎర్ర ముల్లు మాత్రం ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడే ఆగి ఉంటుంది. పిల్లలు ఎర్ర ముల్లు చూసి అంకె రాసుకుంటారు. నలభై ఐదు టన్నులు వస్తే పాసు. నాకేమో పిల్లల మొహాలు చూస్తే ఆగదు. ఒకడు రాత్రంతా కూర్చుని దిమ్మ పోసి ఉంటాడు, ఇంకొకతె జ్వరంతో వచ్చి ఉంటుంది. దిమ్మ పగలగానే దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో నా బొటనవేలితో ఎర్ర ముల్లుని కొంచెం పైకి నెట్టేవాణ్ణి. మూడు టన్నులు, నాలుగు టన్నులు. నాలో నేను జాలి టన్నులు అనుకునేవాణ్ణి. అవి చదువుకోడానికి పోసిన దిమ్మలు, వాటితో ఎవరూ ఇల్లు కట్టరు కదా అనుకునేవాణ్ణి.

పిడుగు ఆఖరి ఏడు ప్రాజెక్టుకి సిమెంటు తగ్గించి బొగ్గు బూడిద కలిపి దిమ్మలు పోసింది. అవి ముప్పై ఎనిమిదికే పగిలాయి. ఆ పిల్లకి బంగారు పతకం వస్తుందని కాలేజీ అంతా అనుకుంటున్న రోజులు. నా వేలు ఆగలేదు. నలభై ఆరుకి నెట్టాను. దుమ్ములో ఎవరో నలభై ఆరని అరిస్తే, బల్ల దగ్గరున్న మాస్టారు తలెత్తకుండా రాసేసుకున్నారు.

ఆ పిల్ల చూస్తున్నది నల్ల ముల్లుని. అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చింది. "మావయ్యా, అది ముప్పై ఎనిమిది దగ్గరే పడిపోయింది. నలభై ఆరు ఎక్కడినుంచి వచ్చింది?" నేను గోడ వైపు చూశాను. ఇంకేం అడగలేదు. నేరుగా హెడ్డు గారి గదికి వెళ్ళి, "సార్, నేనే తొందరలో అంకె తప్పు చెప్పాను. ముప్పై ఎనిమిదని దిద్దండి" అంది. నా పేరు ఎత్తలేదు. హెడ్డు గారు అజాగ్రత్త అని తిట్టి మార్కులు కోసేశారు. పతకం పోయింది. నా ఉద్యోగం మిగిలింది.

మా ఆవిడ కుట్టు మిషను ఆగిపోయింది.

"ఇది మీరు కల్పించింది కాదుగా?"

"కాదు."

బొత్తాలు చేతిలోకి తీసుకుంది. గిన్నెలో ఒక్కటీ వెయ్యలేదు. "అక్కడ ఇది చెప్తే మిమ్మల్ని మళ్ళీ మావయ్యా అంటారా?" అంది.

"అనకపోవచ్చు."

"చెప్పకపోతే?"

"ఆ పిల్ల ఎందుకు అందరిలాంటిది కాదో ఎవరికీ తెలీదు."

"అయితే ఇస్త్రీ చొక్కా వేసుకోండి," అంది మా ఆవిడ.

హాల్లో ఎనిమిది వందల కుర్చీలూ నిండిపోయాయి. పిడుగుని వేదిక మీద కూర్చోబెట్టారు. జుట్టు అక్కడక్కడా నెరిసింది కానీ కాళ్ళు మాత్రం అప్పటిలాగే నేలకి అందట్లేదు. సెక్రటరీ మైకు తీగ పక్కన కాపలా నిలబడ్డాడు. ముందు వరుసలో ముసలి హెడ్డు గారు చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నారు. ఆ పక్కన మా ఆవిడ.

నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళగానే హాలంతా ఈలలు. "మావయ్యా, మొసలి ఎలా ఉంది?" అని ఎవరో అరిచారు.

"మొసలి లేదు," అన్నాను. "ఎప్పుడూ లేదు. ఇవాళ నిజం చెబుతాను."

దానికే హాలు విరగబడి నవ్వింది.

చెప్పడం మొదలుపెట్టాను. రెండు ముళ్ళు, దుమ్ము, నా బొటనవేలు. ఒక్కో ముక్కకీ నవ్వులే. "ఎనిమిది టన్నులు బొటనవేలితో నెట్టాను" అనగానే చప్పట్లు కొట్టారు. నా బతుకులో నేను ఏ మొసలి గురించి చెప్పినా నమ్మినవాళ్ళు, ఒక్క నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. చెమటకి ఇస్త్రీ అంతా పోయింది. సెక్రటరీ ఇక చాలన్నట్టు మైకు తీగ మీద చెయ్యి వేశాడు.

పిడుగు కుర్చీలోంచి దూకి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆపకు. అది నిజం."

నవ్వులు ఆగిపోయాయి. హెడ్డు గారు చేతికర్ర మీంచి గడ్డం తీశారు. "అంకె నువ్వే తప్పు చెప్పానన్నావు కదమ్మా?"

"అబద్ధం చెప్పాను సార్. ఉన్నది చెబితే మావయ్యని తీసేస్తారని."

నేను మిగిలింది చెప్పేశాను, లేకపోతే మళ్ళీ ధైర్యం రాదు.

"బాబూ, అమ్మా, ఆ ముప్పై ఎనిమిది చూసి ఈ అమ్మాయి ఏడుస్తూ కూర్చోలేదు. ఇంకో మూడు దిమ్మలు తొట్టిలోనే ఉంచింది. పరీక్షలు అయిపోయాయి, పతకాలు పంచేశారు, అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు. రెండు నెలల తర్వాత ఒక్కతీ వచ్చింది. నన్ను చేతులు వెనక్కి పెట్టుకోమంది. తనే నొక్కింది. యాభై రెండు టన్నులు! నా వేలు లేకుండా! బూడిద కలిపిన కాంక్రీటు ఆలస్యంగా గట్టిపడుతుందట. నా అబద్ధం ఒప్పుకుని ఉంటే ఆ మూడూ బయట పారేసేది, ఆ సంగతి తనకి తెలిసేదే కాదు. ఇవాళ ఈ అవార్డు తెచ్చిపెట్టిన వంతెన ఆ కాంక్రీటుతో కట్టిందే. నేను తనకి పని నేర్పలేదు. నేను నేర్పింది తను నేర్చుకోలేదు. అందుకే ఈ అవార్డు."

మూడు నిమిషాలు అయిందో, ముప్పై అయిందో తెలీదు. హెడ్డు గారు మెల్లగా లేచారు.

"అమ్మాయ్, ఆ రోజు నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను." తర్వాత కర్ర నా వైపు ఎత్తారు. "మావయ్యా, అవన్నీ నీకు. ఇంటికి పట్టుకుపో."

అప్పుడు నవ్వారు చూడండి, ఆ నవ్వుకి హాలు కప్పు నాలుగంగుళాలు లేచి మళ్ళీ కూర్చుంది. ఇది మాత్రం నిజంగా నిజం. పిడుగు అవార్డు అందుకుని, దాన్ని చంకలో పెట్టుకుని, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ మోశావా మావయ్యా? నేనెప్పుడో మర్చిపోయాను" అంది. మర్చిపోలేదని ఆ చేతుల బిగువు చూస్తేనే తెలిసింది.

కిందికి దిగామో లేదో జనం నన్ను చుట్టుముట్టారు. తల నెరిసిన ఇంజనీర్లు, బట్టతల ఇంజనీర్లు, మనవళ్ళున్న ఇంజనీర్లు.

"మావయ్యా, నాకూ కలిపావా?"

"నీకు నాలుగు. అప్పుడు నీకు పచ్చకామెర్లు."

"నాకో?"

"నీకు ఆరు. నీ దిమ్మ దిమ్మ కాదు తల్లీ, ఇసుక ముద్ద."

కోపాలు వస్తాయనుకున్నాను. వాళ్ళు పోటీ మొదలుపెట్టారు. "నాకు ఆరు కలిపాడు!" "నీకు ఆరేనా, నాకు ఏడు!" పతకం వచ్చినంత సంబరం. మా ఆవిడ తల పట్టుకుంది.

అందరూ పలచబడ్డాక సెక్రటరీ నన్ను వరండాలో ఒక స్తంభం పక్కకి తీసుకెళ్ళాడు. పిడుగు నా వెనకే వచ్చింది. అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

"మావయ్యా, నిజం చెప్పు. ఆ పతకం నేను ఇరవై రెండేళ్ళుగా ముందు గదిలో పెట్టుకున్నాను. నాకు ఎన్ని కలిపావు?"

అబద్ధం చెప్పే అవసరం రాలేదు.

"నీకు ఒక్కటి కూడా కలపలేదు బాబూ. నీ పతకం మొత్తం నీదే."

అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"అందరికీ కలిపావుగా! ఆ ఇసుక ముద్దకి ఆరు కలిపావు!"

"అప్పట్లో నువ్వు నన్ను మావయ్యా అనేవాడివి కాదు. అటెండర్ అనేవాడివి."

పిడుగు స్తంభానికి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. సెక్రటరీ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అర టన్ను కూడా కలపాలనిపించలేదా మావయ్యా?" అన్నాడు.